వాయిదా పడని సభ

“నిద్రపోతున్నారు. లేపను,” అంది నింగవ్వ ఫోనులో.

“ఒక్క మాటక్కా. ఇవాళ మన బిల్లు వస్తోందని అజ్జ చెవిన వేస్తాను.”

“నేను చెబుతాలే. నువ్వు సభలోనే ఉండు. ఇటు రాకు.”

ఫోను పెట్టేసింది. కాశవ్వ మనసు చివుక్కుమంది. తనకు తాతలాంటి ఈరణ్ణ అజ్జ మంచాన పడ్డప్పటి నుంచి ఆయన భార్య నింగవ్వకు రాజకీయమంటేనే మంట. ఆ మంట ఇప్పుడు తన మీదికి తిరిగిందనుకుంది.

ఆ విధానసభకు అదే ఆఖరి రోజు. రేపు రద్దవుతుంది. తేలకుండా మిగిలిన బిల్లులు దాంతోపాటే పోతాయి. రాతిపొడి పీల్చి ఛాతీ చెడి చనిపోయిన కూలీల భార్యలకు పింఛను ఇవ్వాలని ఈరణ్ణ ఎమ్మెల్యే అయిన నాటి నుంచీ అరుస్తూనే ఉన్నాడు. ఆ బిల్లుకు పైసభ నిన్న ఒప్పుకుంది. ఇక కింది సభ ఒక్కటే మిగిలింది. కాశవ్వ భర్తా ఆ దగ్గుతోనే పోయాడు. ఆ తర్వాత ఆమెను పక్క నియోజకవర్గంలో నిలబెట్టి గెలిపించింది అజ్జే.

నడవలో దేశాయి ఎదురయ్యాడు. క్వారీలున్న ఎమ్మెల్యే.

“ఏమ్మా కాశవ్వా, మీ ముసలాయన ఇవాళ దాటుతాడా?”

“నీకంటే ఎక్కువే బతుకుతాడు లేవయ్యా.”

“బతకాలనే నా కోరికా! సభ్యుడు పోతే ఆనవాయితీ తెలుసుగా? సంతాపం చెప్పి, రెండు నిమిషాలు నిలబడి, ఆ రోజుకి సభ వాయిదా. నీ బిల్లూ ఆయన వెంటే పోతుంది. పాపం, చూసి రమ్మని పళ్లిచ్చి నా మనిషిని పంపాను. ఒళ్లు తుడుస్తున్నానని ఆయన భార్య గుమ్మంలోంచే తిప్పి పంపిందట.”

“నన్నే రానివ్వలేదు. నీ పళ్లెవరికి కావాలి?”

సభలో దేశాయి సవరణ మీద సవరణ అడిగాడు. ఒక్కోదాని మీదా గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. ఎవరైనా స్పీకరు దగ్గరికి చీటీ పట్టుకెళ్తే చాలు, అజ్జ పోయిన కబురేమోనని కాశవ్వ మెడ చాచి చూసేది.

భోజనాల వేళ మళ్లీ ఫోను చేసింది.

“గంజి తాగారా అక్కా?”

“తాగారు.”

“దగ్గెలా ఉంది?”

“ఇవాళ అసలు దగ్గలేదు.”

కాశవ్వకు అన్నం సయించింది.

పొద్దు వాలాక స్పీకరు అడిగాడు. “ఒప్పుకునేవారు అవుననండి.” ఆమె అరుపు అందరికంటే పైన వినిపించింది. వద్దన్న గొంతులు కొన్నే. బిల్లు నెగ్గింది. ఆ వెంటే జాతీయగీతం పాడి సభ ముగించారు.

కాశవ్వ అజ్జ ఉంటున్న ఎమ్మెల్యేల వసతి గృహానికి పరుగున వెళ్లింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. దబదబా బాదింది.

“అక్కా! నెగ్గిందక్కా! అజ్జను లేపు!”

తలుపు ఓరగా తెరుచుకుంది. నింగవ్వ కళ్లు ఎర్రగా, పొడిగా ఉన్నాయి.

“సభ ముగిసిందా?”

“ముగిసింది.”

“మళ్లీ ఎవరూ ఏమీ మార్చలేరు కదా?”

“ఎవరి తరమూ కాదు. ఇకనైనా నన్ను లోపలికి రానీ.”

నింగవ్వ తలుపు పూర్తిగా తెరిచి పక్కకు తప్పుకుంది.

“తెల్లారకముందే పోయారే కాశీ, ఇక నేను ఏడవచ్చా?”