బొమ్మ ఆగినప్పుడల్లా

తెరమీద పాప తల్లి కథ చెబుతోంది. పిచ్చుక గొడుగేసుకుని బయల్దేరింది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. గొంతు మాత్రం ఆగలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాటలు వాటి దారిన అవి వస్తున్నాయి.

మంచం మీద పాప కెవ్వుమంది.

ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నామె ఉలిక్కిపడి వీడియో ఆపేసింది. పాప ఆమె మొహంకేసి బెదురుగా చూస్తూ గోడకి అతుక్కుపోయింది.

తెర పాపకి కనపడదు. అటు తిరిగి ఉంది. అయినా బొమ్మ ఆగినప్పుడల్లా ఎలాగో తెలిసిపోతోంది.

మూడు రోజుల జ్వరం. నిద్ర పడితేగానీ తగ్గదన్నాడు డాక్టరు. ఆ కథ వింటేగానీ పాప రెప్ప వాల్చదు. అది చెప్పిన వీడియో ఆన్‌లైన్ ఆల్బమ్‌లో ఒక్కటే మిగిలింది.

“గొంతు వినపడుతోందిగా, బొమ్మతో పనేముందే?” అంది అమ్మమ్మ.

ఆమె అడ్డంగా తలూపింది.

“ఆ గొంతు మళ్లీ వింటామా ఈ జన్మలో...” అమ్మమ్మ కళ్లొత్తుకుంది.

“ఊరుకోమ్మా. అక్కా, ఇలా ఇవ్వు,” అన్నాడు మేనమామ. ఆ పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించింది అతనే. ఫైర్‌ఫాక్స్‌లో చూశాడు. తడబడింది. క్రోమియంలో పెట్టాడు. అక్కడా అంతే. నెట్ బాగానే ఉంది. లోపలి ఫ్యాన్ మాత్రం హోరెత్తిపోతోంది.

“బాగున్నదాన్ని బాగుచేస్తానంటావు. ఇదిగో, ఇలా ఏడుస్తుంది,” అంది అమ్మమ్మ.

అతను సెట్టింగుల్లోకి వెళ్లి నాలిక్కరుచుకున్నాడు.

“తెర మినుకుమంటోందని ఆమధ్య నేనే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేశానక్కా. రెండు బ్రౌజర్లలోనూ. మళ్లీ పెట్టడం మర్చిపోయా. గ్రాఫిక్స్ చిప్ సాయం లేక వీడియో బరువంతా ప్రాసెసర్ ఒక్కటే మోస్తోంది. ఆయాసపడదూ మరి!”

ఆన్ చేశాడు. బ్రౌజర్ మూసి తెరిచాడు. ఈసారి బొమ్మ ఎక్కడా ఆగలేదు. మొహమూ మాటా కలిసే కదిలాయి. ఫ్యాన్ కూడా సద్దుమణిగింది.

పాప లేచి కూర్చుంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“అమ్మ కథ,” అంది.

ఆమె ల్యాప్‌టాప్ ఒళ్లోకి తీసుకుని, తెర తనవైపు తిప్పుకుని, వీడియో మొదటికి జరిపింది.

“అనగనగా ఒక పిచ్చుక...” అని గొంతు మొదలవగానే, ఆపరేషన్‌తో మాట పోయిన ఆ తల్లి తెరమీది తన పెదాలనే చూస్తూ, పాప కళ్లెదుట అవి కదిలినట్టే తన పెదాలు కదిపింది.