ఏనుగుమడుగులో ఏనుగు పాదం

ఏనుగుమడుగులో ఒక తాబేలు తాత ఉండేవాడు. అతని నోట చీమ కూడా కొండయ్యేది. "మా ముత్తాత కళ్లారా చూశాడు! ఏనుగొచ్చి ఈ నల్లబండ పక్కన ఒక్క తొక్కు తొక్కితే నీళ్లు మబ్బుల దాకా ఎగిశాయి. దాని పాదం తామరాకంత! మడుగుకి ఆ పేరు ఊరికే వచ్చిందా?" అనేవాడు.

"కోతలు ఆపు తాతా! ఈ అడవిలో ఏనుగు తోకైనా ఎవరూ ఎరగరు" అని కొంగ నవ్వేది.

ఆ ఏడాది కొండలు సైతం నాలుక చాపేంత ఎండ కాసింది. మడుగు అడుగంటింది. కొంగ ఎగిరిపోవడానికి సిద్ధమైంది. తాత ఎంత దూరమని నడవగలడు? తన కథను తనే సగం నమ్మడు. అయినా వేరే దారి లేక నల్లబండ పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. గోళ్లరిగేలా తొమ్మిది పగళ్లు తవ్వాడు.

పదో పగలు, బురద కింద రాతిలో దిగబడిన పాదముద్ర బయటపడింది. మూడు తామరాకులు పరిచినా ఆ గుంట నిండదు. దాని వేళ్ల సందుల్లోంచి చల్లటి నీళ్లు ఊరుతున్నాయి. కప్పలు బెకబెకలు మరిచిపోయాయి. కొంగ రెక్కలు ముడుచుకుని తల వంచింది.

"ఎంతుండేదంటావు తాతా, ఆ ఏనుగు?" అని మెల్లగా అడిగింది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తాతకు మాట తడబడింది.

"నేను... తగ్గించి చెప్పానే పిల్లా" అన్నాడు.