ఫ్యాన్ మెడ

"కొత్త ఫ్యాన్ కొనుక్కోరాదా బాబాయ్! ఈ ముక్క పట్టుకుని ప్రత్తిపాడు నుంచి అద్దంకి దాకా వచ్చావా?"

"కొత్తవాటి మెడలు పనికిరావబ్బాయ్. అచ్చం ఇట్టాంటిదే కావాలి," అంటూ బుల్లయ్య విరిగిన రెండు ముక్కలూ సిలార్ చేతిలో పెట్టాడు.

పాతకాలపు టేబుల్ ఫ్యాన్‌లో తలనీ కాండాన్నీ కలిపే మెడ అది. ఎత్తితే ఎత్తినచోట, వంచితే వంచినచోట నిలబడుతుంది. కంపెనీ ఎప్పుడో ఆపేసింది. ఆపేసేవాళ్ళకి ఏం, ఇంకా వాడుకునే ఇళ్ళు కనపడితేగా! ఆ ఇళ్ళ కోసమే సిలార్ కొలిమి మండుతోంది. పాత మిక్సీలకి, ఫ్యాన్లకి, ఇస్త్రీపెట్టెలకి బజార్లో దొరకని భాగాలను అతను ఇసుకలో అచ్చుతీసి, తుక్కు అల్యూమినియం కరిగించి పోస్తాడు.

ముక్కల్ని వెలుతురులో తిప్పి చూశాడు. వెటకారం ఆగిపోయింది.

"ఇదేంది బాబాయ్, ఇట్టా అరిగింది? తల బరువుకి ఫ్యాన్ మెడ కిందవైపే అరుగుద్ది. ఇది చుట్టూతా అరిగింది. చెమట ఉప్పు కూడా తినేసింది. నీ ఫ్యాన్ గాలి విసిరిందా, గొడ్డుచాకిరీ చేసిందా?"

"చేసింది," అన్నాడు బుల్లయ్య.

సిలార్ ఆ నునుపు మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. ఇంతగా పనిచేసి అరిగినదాన్ని అతను చూళ్ళేదు. మసీదులో అడుగుపెట్టినట్టు గొంతు తగ్గింది.

"దీనికి జోడీ పొయ్యాలంటే భయమేస్తంది బాబాయ్."

"భయపడుతూనే పొయ్యి. ఆదివారంలోగా కావాలి. సోమవారం మా అమ్మాయి శ్రీదివ్య ఉద్యోగంలో చేరాలి. ఇది లేకపోతే చేరనంటంది."

"ఫ్యాన్ లేదని ఉద్యోగం మానేసిద్దా? బానే పెంచావు!"

"ఏమన్నా అనుకో. ఎందుకో చెప్పొద్దంది. చెప్తే అందరూ అయ్యో అంటారంట, పని మాత్రం సరిగ్గా చెయ్యరంట."

"ఫ్యాన్ మెడకి రహస్యమేందయ్యా!"

మొదటిది పోసి అచ్చులోంచి తీయగానే బుల్లయ్య అరచేతిలో వేసుకుని తూచాడు.

"బరువెక్కువైంది."

"నీకేంది? బల్ల మోసిద్దిగా."

"బల్ల మొయ్యదు."

రెండోది పోశాడు. బుల్లయ్య అంచు వెంట వేలు పోనిచ్చాడు.

"గుచ్చుకుంటంది."

"ఫ్యాన్‌కి నొప్పా?"

"నొప్పే."

సిలార్ బూతు తిట్టి దాన్ని మళ్ళీ మూసలో పడేశాడు. తిట్టాడే గానీ వదల్లేదు. చుట్టూ ఉన్న ఆ అరుగుడు అతన్ని వదలనివ్వలేదు. మూడోదాన్ని లోపల డొల్ల చేశాడు. అంచుల్ని ఆకురాయితో అరగదీసి, సన్నగుడ్డతో రుద్దీ రుద్దీ, తన చెంపకి ఆనించి చూసుకున్నాడు. గీసుకోలేదు. మర బిగించి ఎత్తాడు, వంచాడు. ఎక్కడ వదిలితే అక్కడ నిలిచింది.

బుల్లయ్య చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"నేనే వచ్చి బిగిస్తా. ఇంత పెత్తనం చేసే ఆ ఫ్యాన్‌ని నా కళ్ళతో చూడాల్సిందే."

ఆదివారం పొద్దున ఇద్దరూ ప్రత్తిపాడులో బస్సు దిగారు. ఇంట్లోకి అడుగుపెట్టి సిలార్ నాలుగు మూలలూ చూశాడు. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. టేబుల్ ఫ్యాన్ ఎక్కడా లేదు.

"ఏదమ్మా ఫ్యాను? ఎక్కడ బిగించమంటావు?" అన్నాడు తలుపు చాటున నిలబడ్డ శ్రీదివ్యతో.

"ఇటివ్వన్నా, నేనే బిగించుకుంటా."

మెడని వంచింది, ఎత్తింది, చెంపకి ఆనించుకుంది. మొదటిసారి నవ్వింది.

తలుపు చాటునుంచి ఇవతలికొచ్చి, మణికట్టు లేని కుడిచేతికి దాన్ని తొడుక్కుని, కొసన పెన్ను బిగించుకుంది.