ఓడలో గాలి చాలలేదట

సీరియల్ తీసే బాబులకు, చదువురాని ముసలిదాన్ని, పక్క బాల్కనీ టైలరమ్మ చేత రాయిస్తున్నాను.

మీ ఆకాశ ఓడలో గాలి చాలడం లేదని కెప్టెన్ కన్నతల్లిని బయటికి తోసి తలుపు వేసేశాడు. ఇదేం పోయేకాలం?

"వాడి చేతులు పడిపోను!" అన్నాను.

"మిగతావాళ్లు బతకొద్దామ్మా? కెప్టెన్ చేసిందే కరెక్టు," అన్నాడు మా అబ్బాయి, కళ్లు తుడుచుకుంటూ.

"ఆవిడ తల్లిరా!"

"అది సైన్సమ్మా, నీకర్థం కాదులే."

వచ్చే వారం ఆవిణ్ని మళ్లీ లోపలికి రప్పించండి. కెప్టెన్ ఏం చేస్తే మావాడికి అదే ఒప్పు.

మనవడి చదువుకు గది చాలడం లేదని ఆ మర్నాడే నా మంచం బాల్కనీలో వేశాడు. ఏసీ గాలి బయటికి పోతుందని అద్దం తలుపుకు లోపలినుంచి గడియ పెడుతున్నాడు.