చేతి తూకం

"బరువు," అన్నాడు ప్రీముస్. రైఫిల్‌ను బల్లమీద దించి, కుడిచేతిని జేబులో పెట్టుకున్నాడు.

"ప్రార్థన సగం కూడా కాలేదు నాన్నా," అంది మిలేనా.

"సగం కాకముందే తెలిసిపోయింది. తుపాకీ మడమలో ఇంకా చెక్క ఉంది. తీసెయ్."

కొండల కింది ఊరైన ఫెర్లాఖ్‌లో తుపాకులు చేసే ప్రతి ఇంట్లోనూ త్రాసు ఉంటుంది. ప్రీముస్ ఇంట్లో మాత్రం ఉండదు. అతని ముత్తాత పెట్టిన పద్ధతి వేరు. కొండవేటకు చేసిన రైఫిల్‌ను ఇంటి యజమాని ఒంటిచేత్తో చాచి పట్టుకోవాలి. కిటికీలోంచి కనిపించే శిఖరానికి గురిపెట్టి పరలోక ప్రార్థన మొదలుపెట్టాలి. ఆమేన్ అనేదాకా గొట్టం కొన వణక్కపోతే తుపాకీ నెగ్గినట్టు. చేసినవాళ్లు గొట్టం మీద తమ పేరు చెక్కుకోవచ్చు. వణికిందా, మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే.

కొండమేక వెంట రాళ్లెక్కే మనిషికి వీపున తుపాకీ ఉన్నట్టే తెలియకూడదన్నది మిలేనా పంతం. వసంతం నుంచీ అదే పని. గొట్టాన్ని పలచగా అరగదీసింది. బోల్టు పిడిని డొల్ల చేసింది. భుజానికి ఆనించే అక్రోటు చెక్క మడమను లోపల తేనెపట్టులా తొలిచింది. మొదటిసారి ప్రీముస్ ఆమేన్ అంచుదాకా వెళ్లి ఆగాడు. తరువాత క్షమించమని అడిగే చోట ఆగాడు. ఇవాళ రొట్టె అడిగే చోటికైనా రాలేదు.

"తుపాకీ తేలికయ్యేకొద్దీ నీ ప్రార్థన పొట్టిదవుతోంది," అంది మిలేనా. "ఈ ఇంటి తుపాకీ మీద ఆడదాని పేరు పడటం నీకిష్టం లేదు. ఆ మాట నోటితో చెప్పొచ్చుగా?"

"బరువుగా ఉందని చెప్పాను."

"సరే. ఆదివారం మళ్లీ ఇస్తాను. అప్పుడూ కాదంటే కొండ దాటి ఇటలీ వెళ్లిపోతాను. అక్కడి కార్ఖానా వాళ్లు రమ్మంటున్నారు. వాళ్లకు త్రాసుంది."

గుమ్మంలో నిలబడి ఉన్న తల్లి హెడ్విగ్ ఆ మాట విన్నది. ఆమె అన్నయ్య ఓడ పనికని వెళ్లి మళ్లీ రాలేదు. చెల్లెలు కనుమ అవతలి ఊరికి కాపురానికి వెళ్లి, ఉత్తరాల్లోనే ముసలిదైపోయింది. ఇప్పుడు కూతురు. ఆ రాత్రి భోజనాల దగ్గర మొగుణ్ని నిలదీసింది.

"ఒక్కసారి ఊఁ అంటే నీ సొమ్మేం పోతుంది ప్రీముస్?"

"దొంగ ఊఁ తో దాని పేరు చెక్కమంటావా? రేపు ఎవడైనా తండ్రి దయతో పడిన పేరంటే దానికెంత అవమానం?"

"పిల్ల వెళ్లిపోతుంది."

"వెళ్లనీ. నా చెయ్యి అబద్ధం చెప్పదే."

ఆదివారం పూజ అవగానే కొలోమాన్ వచ్చాడు. అటవీ కాపలాదారు, రైఫిల్ చేయించుకుంటున్నది అతనే. వేటమాంసం తూచే కొక్కెం త్రాసు భుజాన వేసుకొచ్చాడు.

"ఒరేయ్ ప్రీముస్, నీ చేతి తూకం తేలేలోగా నా మోకాళ్లు అరిగిపోతాయి. ఇవాళ దీన్ని తూచేది నేను."

"ఈ ఇంట్లో త్రాసు వెయ్యరు."

"ఇంట్లో ఎవడు వేశాడు? చెట్టుకు కడతాను."

పెరట్లో చెర్రీ చెట్టుకు త్రాసు వేలాడదీసి, రైఫిల్‌ను కొక్కేనికి తగిలించాడు. ముల్లు కొద్దిగా కదిలి ఆగింది. కొలోమాన్ త్రాసును వేలితో తట్టి, రైఫిల్‌ను తీసి మళ్లీ తగిలించాడు.

"రెండు కిలోల మూడు వందలు," అన్నాడు మెల్లగా. "మీ తాత చేసిన ఆ గోడమీద తుపాకీ పట్రా అమ్మాయ్. లోయంతా గొప్పగా చెప్పుకుంటారుగా."

తెచ్చింది. అది మూడు కిలోలు దాటింది. తను చేసినదాని బరువెంతో అంకెల్లో వినడం మిలేనాకూ అదే మొదలు.

కొలోమాన్ కొట్టం వెనక చెక్కమీద మూడు తూటాలు పేల్చాడు. మూడూ ఒక్క అక్రోటు కాయ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

"తన్నడం మాత్రం గాడిదలా తన్నింది," అన్నాడు భుజం రుద్దుకుంటూ. "అయినా ఇంత తేలిక తుపాకీని ఈ లోయలో ఎవడూ మోసి ఉండడు. ఇప్పుడేమంటావురా?"

ప్రీముస్ త్రాసుకు వేలాడుతున్న పాత తుపాకీని చూశాడు. తరువాత కూతురి వైపు తిరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"మీ తాతను ఓడించావు కదే. చెక్కుకో. ఇంటిపేరుతో సహా చెక్కుకో."

"మరి ఇన్నాళ్లూ బరువన్నావు?"

జవాబు కొలోమాన్ చెప్పాడు. "కూతురు చేసింది కదమ్మా. గుండె బరువు కూడా కలిపి తూచాడు వెధవ."

అందరికంటే గట్టిగా నవ్వింది ప్రీముసే.

వంటింటి బల్లమీదే రైఫిల్‌ను గుడ్డలో బిగించి, మిలేనా ఉలి పట్టింది. కొలోమాన్ ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతున్నాడు. హెడ్విగ్ అందరి ముందూ పింగాణీ కప్పులు పెట్టి, పొయ్యి దగ్గరకు వెళ్లింది. చాలా కాలం తరువాత ఆమె మనసు నిమ్మళించింది. పిల్ల ఉండిపోతుంది. ఇక ఈ ఇంట్లోంచి ఎవరూ వెళ్లరు.

ప్రీముస్ చూపంతా ఉలి కొనమీదే ఉంది. 'ఓరాష్' అన్న ఇంటిపేరు వెండిగీతల్లా తేలుతోంది. దాని మీంచి కన్ను తిప్పకుండానే కప్పు అందుకున్నాడు. కాస్త ఎత్తి, మళ్లీ బల్లమీద దించేశాడు.

"ఇంత నిండా పోస్తే ఎలా ఎత్తనే?" అన్నాడు భార్యతో.

హెడ్విగ్ ఇంకా కాఫీ పోయనేలేదు.