బంతిచెట్టు మీద చుట్టం

"ఇంకొంచెం గట్టిగ తట్టు సారూ, పూవుకు నొప్పి లేస్తదా ఏంది!" అంది బాలవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని.

భానుప్రసాద్ సిగ్గుపడుతూ బంతిపూవు కింద తెల్ల కాగితం పట్టి మళ్లీ తట్టాడు. నల్ల తామర పురుగు ఏయే చెట్ల మీద బతుకుతోంది, జిల్లాలో ఎంత దూరం పాకింది అని చూడటం అతడి ఉద్యోగం. నువ్వుగింజలో సగం కూడా ఉండదు గానీ మోర్తాడ్ వైపు మిర్చి తోటల్నీ బంతి తోటల్నీ పీల్చి పిప్పి చేస్తోంది. చెరుకు పండే బోధన్ వైపు మాత్రం ఎంత వెతికినా లేదు, ఒక్క బాలవ్వ వాకిట్లో తప్ప. పురుగు కనబడినన్నాళ్లూ రావాల్సిందేనని అతడు మొదటిరోజే చెప్పి పెట్టాడు. ఆదివారాలే ఎందుకు వస్తున్నాడో మాత్రం చెప్పలేదు.

బాలవ్వ మనవరాలు లిడియా మోర్తాడ్ దవాఖానలో నర్సు. శనివారం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున్నే బస్సెక్కుతుంది.

"దొరికినయా సార్?" లిడియా చాయ్ అందిస్తూ అడిగింది.

"దొరికినయ్. గని అన్ని పెద్దయే. పిల్ల పురుగు ఒక్కటి లేదు." అతడు కాగితాన్ని ఆమె వైపు తిప్పి చూపించాడు. "పిల్లల్ని పెడితెనే ఈ చెట్టు దాని ఇల్లని రాస్తం. లేకుంటే ఉత్త చుట్టమే. ఇయ్యాల గూడ పిల్లలు దొరకకుంటే ఇగ బోధన్ దిక్కు పోవద్దన్నడు మా పెద్దసారు."

"అంటే ఇగ రారా?"

"పురుగు లేని ఇంటికి ఏం పనని రావాలె?" అనేసి వెంటనే నాలుక కరుచుకున్నాడు.

బాలవ్వ పకపకా నవ్వింది. "నువ్వు పురుగుల కోసం వస్తున్నవని మేమెన్నడన్న అనుకున్నమా బిడ్డా!"

"నిజంగ పురుగుల కోసమే అవ్వా." అతడి చెవులు ఎర్రబడ్డాయి. అది సగం నిజం. మిగతా సగం ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ లేదని తెలుసు. అయినా మళ్లీ పురుగు దగ్గరికే వచ్చాడు. "గిన్ని చెరుకు తోటలు దాటి గివి ఈడిదాక ఎట్ల వస్తున్నయో సమజయితలేదు."

లిడియా తల వంచుకుంది. "నాతోనే కావచ్చు సార్. చర్చిల పెట్టనీకి వారం వారం మోర్తాడ్ కెల్లి బంతిపూలు తెస్త. సంచి ఈ చెట్ల పక్కన్నే దించుత."

చిక్కుముడి విడిపోయింది. భానుప్రసాద్ ప్రాణం ఉసూరుమంది. పూల సంచిలో వచ్చిన పురుగులకు సర్వేలో చోటుండదు, తనకిక ఈ ఇంట్లో పనుండదు. కాగితం మడిచి, బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"పోయొస్త అవ్వా" అని గేటు దాకా నడిచాడు.  లిడియా కళ్లు చెమ్మగిల్లడం బాలవ్వ చూసింది.

"ఓ సారూ, జర ఆగు!" అని గట్టిగా కేకేసింది.

అతడు వెనక్కి తిరిగాడు.

"మా చర్చిల ఎప్పటికీ ప్లాస్టిక్ పూలే పెడ్తరు!"