పంపు ఆపిన నీళ్ళలో

ఓడల అడుగున మునిగి మరమ్మతులు చేసే తమ్ముడు చీకటి పడుతుండగా సంచి సర్దుకుంటున్నాడు. అక్క గాజుతొట్టె ముందు కూర్చుంది. వాడు సముద్రంలోంచి తెచ్చిచ్చిన ప్రాణమున్న పగడం నెలల తరబడి ముడుచుకుని, తెల్లబడి, ఇవాళో రేపో అన్నట్టుంది.

"పంపు ఆపి మేత వెయ్యక్కా. లేకపోతే ఆ నీళ్ళ వేగానికి మేత కొట్టుకుపోతుంది."

"నీకు ఈత నేర్పిందే నేను. నాకు చెబుతావా?"

పంపు ఆపింది. నీళ్ళు కదలిక లేకుండా నిలిచాయి. మేత చుక్కలు పడగానే పగడం విచ్చుకుని, మేత అందుకునే సన్నని వేళ్ళు బయటపెట్టింది. అక్కకు ప్రాణం లేచివచ్చింది.

"ఒరేయ్, బతికిందిరా. రా, చూడు."

వాడు వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు. వేళ్ళన్నీ కుడికి వంగాయి. నవ్వుతూ ఎడమకు జరిగాడు. అవీ ఎడమకు తిరిగాయి. అక్క కూడా సంబరంగా అటూ ఇటూ జరిగి చూసింది. ఆమె కోసం ఒక్కటీ కదల్లేదు.

"నామీద బెంగ పెట్టుకుందే పాపం," అంటూ వాడు సంచి భుజాన వేసుకున్నాడు.

"కాసేపు ఆగరా."

"పడవ ఆగదక్కా."

వాడి చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. నిలిచిన నీళ్ళలో వేళ్ళు మెల్లగా కిందికి వంగాయి. తర్వాత వీధివైపు తిరిగాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే ముడుచుకున్నాయి.

ఆదివారం పడవ తిరిగి వచ్చింది. తమ్ముడు ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.